డీజిల్ టర్బో రీబిల్డ్ చేయించేటప్పుడు కంప్రెసర్ వీల్ ఎంచుకోవడం ఎలా?

టర్బో విప్పి బల్ల మీద పెట్టగానే మెకానిక్ అడిగే మొదటి మాట: "గాలి వైపు ఫ్యాన్ కంపెనీది వేయమంటారా, బయటిది వేయమంటారా?" విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మరెక్కడైనా ఈ ప్రశ్న తప్పదు. చాలామంది రెండింటి ధరా విని, తక్కువ ఉన్నదానికి సరే అనేస్తారు. నిజానికి బయటి మార్కెట్‌లో మంచి వీల్స్ ఉన్నాయి. కాకపోతే వాటిని చూసి, కొలిచి, అడిగి తీసుకోవాలి. మనం ఫ్యాన్ అని తేలిగ్గా పిలుచుకునేదే కంప్రెసర్ వీల్, ఇంజన్‌లోకి గాలి నెట్టేది అదే. అది నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది. 78 మిల్లీమీటర్ల వీల్ ఆ స్పీడులో ఉంటే దాని అంచు సెకనుకు 400 మీటర్లకు పైగా పరుగెడుతుంది. ధ్వని కూడా మామూలు గాలిలో అంత వేగంగా వెళ్లదు.

లెక్కలు సులువుగా అర్థం కావడానికి ఒకే ఇంజన్ పట్టుకుందాం. ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల కమ్మిన్స్, దాని మీద హోల్‌సెట్ హెచ్‌ఎక్స్35 రకం టర్బో. మీ బండి వేరే అయినా పద్ధతి ఇదే.

1. పాత వీల్ ఎందుకు పోయిందో ముందు తేల్చుకోండి

కొత్తది కొనడానికి తొందరపడకండి. పాతదాన్ని శుభ్రంగా కడిగి, వెలుతురులో పెట్టి తిప్పి చూడండి. గాలి లోపలికి వెళ్లే వైపు రెక్కల అంచులు సన్నబడి, గరుకు కాగితంతో రుద్దినట్టు మసకబారితే దుమ్ము తినేసినట్టే. అలాంటప్పుడు ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే రబ్బరు గొట్టం విప్పి లోపల వేలితో రాయండి. క్లాంప్ దగ్గర వేలికి సన్నటి మట్టి గీత అంటితే దొంగ అక్కడే దొరికాడు. ఫిల్టర్ కొత్తదే కావచ్చు, కానీ ఆ సందులోంచి దుమ్ము నేరుగా లోపలికి పోతోంది.

రెక్క చివర్లు వంగినా, నొక్కులు పడినా ఏదో ముక్క లోపలికి వెళ్లింది. రెక్కల పక్క అంచులు ఒరుసుకుపోయి మెరుస్తుంటే బేరింగ్ అరిగి షాఫ్ట్‌కి ఆట వచ్చింది, వీల్ హౌసింగ్‌కి, అంటే దాని చుట్టూ ఉండే డొప్పకి తగిలింది. ఇది ఆయిల్ సమస్య. ఆయిల్ పైపులో మసి గడ్డకట్టిందేమో చూడాలి. వీల్ వెనక భాగం కమలా తొక్కలా గరుకుదేరితే అది తిరగాల్సిన దానికంటే ఎక్కువ స్పీడులో తిరిగింది. గాలి గొట్టం ఎక్కడో లీకైనా, పంపులో డీజిల్ పెంచినా ఇలా జరుగుతుంది.

కారణం సరిచేయకుండా కొత్త వీల్ వేస్తే, కొన్నాళ్లకు మళ్లీ అదే బల్ల దగ్గరికి రావాలి. ఇంకో మాట: పాత వీల్ విరిగి ఉంటే, టర్బో నుంచి వచ్చే గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ తప్పకుండా విప్పి కడిగించండి. అల్యూమినియం ముక్కలు అందులో ఇరుక్కుని ఉంటాయి. తర్వాత ఏదో ఒకరోజు సిలిండర్‌లోకి వెళ్తాయి. టర్బో ఖర్చు కాస్తా ఇంజన్ ఖర్చవుతుంది.

2. కొలతలు మీరే తీసుకోండి

టర్బో మీద చిన్న రేకు ఉంటుంది. ముందు దాని మీది నంబర్లు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. టర్బో మోడల్ ఒకటే అయినా లోపలి వీల్ రకరకాలుగా ఉండొచ్చు. అందుకే "హెచ్‌ఎక్స్35 ఫ్యాన్ ఇవ్వండి" అని అడిగితే సరిపోదు.

వెర్నియర్‌తో మొదట గాలి లోపలికి వెళ్లే చిన్న వ్యాసం కొలవండి. దాన్ని ఇండ్యూసర్ అంటారు. తర్వాత గాలి బయటికి విసిరే పెద్ద వ్యాసం, అంటే ఎక్స్‌డ్యూసర్. ఆపైన పెద్ద వ్యాసం దగ్గర రెక్క ఎత్తు, వీల్ మొత్తం ఎత్తు, వెనక భాగం ఆకారం చూడాలి. వెనక చదునుగా ఉన్న వీల్ తీసి, ఉబ్బెత్తుగా ఉన్నది పెడితే వెనక ప్లేటుకి తగులుతుంది. రెక్కల సంఖ్య, అవి ఏ వైపు తిరిగి ఉన్నాయన్నది కూడా రాసుకోండి. షాఫ్ట్ దూరే రంధ్రాన్ని మాత్రం వెర్నియర్‌తో వదిలేయకూడదు, మైక్రోమీటర్ తరగతి పనిముట్లతో కొలిపించండి. అక్కడ వెంట్రుకవాసి వదులున్నా వీల్ మధ్యలో కూర్చోదు.

ఇండ్యూసర్‌ను ఎక్స్‌డ్యూసర్‌తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, వందతో గుణిస్తే వచ్చేది ట్రిమ్. మన ఉదాహరణలో 54, 78 మిల్లీమీటర్లు. ట్రిమ్ సుమారు 48. అదే 78 మీద 56 ఇండ్యూసర్ వేస్తే 51.5 అవుతుంది. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఆ రెండు మిల్లీమీటర్లు ఏం చేస్తాయో మా ఇంట్లో చూశాం.

3. మీ బండి పనికి తగ్గ సైజు నిర్ణయించుకోండి

మా అన్నయ్య లారీకి రీబిల్డ్ చేసిన చోట "పెద్ద ఫ్యాన్ వేశాం, పికప్ చూస్కోండి" అన్నారు. హైవే మీద బండి బాగానే పోయింది. బియ్యం లోడుతో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా బానెట్ కింద నుంచి బుస్ బుస్ అని కొట్టుకునే చప్పుడు. "ఏంట్రా ఈ బుసలు?" అని అన్నయ్య ఫోన్ చేశాడు. దాన్నే సర్జ్ అంటారు. టర్బో గాలి నెట్టుతోంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూ అంత గాలి తీసుకోలేకపోతోంది, గాలి వెనక్కి తంతోంది. అలా తన్నినప్పుడల్లా షాఫ్ట్ ముందుకీ వెనక్కీ గుద్దుకుంటుంది. రెండు నెలల్లో, ఆ గుద్దుళ్లను ఆపే థ్రస్ట్ బేరింగ్ పోయింది. మళ్లీ 54 వీల్ వేయించాకే అన్నయ్య టెన్షన్ తీరింది.

కాబట్టి ఎంత గాలి కావాలో ముందు లెక్క కట్టండి. 5.9 లీటర్ల ఇంజన్ 2500 ఆర్‌పీఎంలో తిరుగుతోందనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 5.9ని 2500తో గుణించి రెండుతో భాగిస్తే నిమిషానికి 7375 లీటర్లు. సిలిండర్ పూర్తిగా నిండదు కాబట్టి 90 శాతం తీసుకుంటే దాదాపు 6640. బూస్ట్, అంటే టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి 1.2 బార్, ఇంటర్‌కూలర్ దాటాక గాలి 50 డిగ్రీలు అయితే ఘనమీటరు గాలి బరువు 2.37 కిలోలు. అంటే నిమిషానికి దాదాపు 15.7 కిలోలు, పౌండ్లలో సుమారు 35. బయటి గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్, దానికి 1.2 కలిపితే పీడన నిష్పత్తి 2.2.

మంచి తయారీదారులు వీల్‌తో కంప్రెసర్ మ్యాప్ ఇస్తారు. అది ఒక గ్రాఫ్: అడ్డంగా గాలి బరువు, నిలువుగా పీడన నిష్పత్తి. దానిలో అడ్డంగా 35, నిలువుగా 2.2 కలిసే చోట చుక్క పెట్టండి. తర్వాత ఘాట్‌లో మీ బండి తిరిగే 1300 ఆర్‌పీఎంకీ ఇదే లెక్క చేసి రెండో చుక్క పెట్టండి. నా దృష్టిలో ఈ రెండోదే ముఖ్యం. అది ఎడమ వైపు సర్జ్ గీతకు బాగా కుడిగా పడాలి. గీతకు ఆనుకుని పడితే ఆ వీల్ మీకొద్దు. ఇండ్యూసర్ పెద్దదయ్యేకొద్దీ ఆ గీత కుడికి జరుగుతుందని గుర్తుంచుకోండి. మ్యాప్ లేకపోతే, పంపు సెట్టింగ్ మార్చని బండికి పాత కొలతల వీలే తీసుకోండి.

బీఎస్6 బండ్లలో అయితే ఈ ప్రయోగాలే వద్దు. గాలి ఎంత వస్తుందో ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్ లెక్కపెట్టుకుని నడుపుతుంది. అదే నంబరు వీల్ వేయండి.

4. పోతపోసిందా, బిల్లెట్టా?

పోత వీల్ అల్యూమినియం కరిగించి అచ్చులో పోసింది. బిల్లెట్ వీల్ గట్టి దిమ్మెను సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే యంత్రం మీద చెక్కింది. రెక్కల మీద వేలు పెడితే తేడా తెలుస్తుంది. పోతది కాస్త గరుకుగా ఉంటుంది, బిల్లెట్ మీద కట్టర్ వెళ్లిన సన్నటి వరుస గీతలు కనిపిస్తాయి. బిల్లెట్‌లో లోహం గట్టిది, అందుకే మధ్య భాగం సన్నగా చేసి గాలికి ఎక్కువ చోటు ఇవ్వొచ్చు. కానీ బిల్లెట్ అన్నంత మాత్రాన రెక్క ఆకారం మంచిదని కాదు. ఆకారం తప్పితే ఎంత మెరిసినా గాలి సరిగా నెట్టదు. మామూలు లోడు లారీకి పేరున్న తయారీదారు పోత వీల్ చాలు. బూస్ట్ బాగా పెంచిన బండికైతే బిల్లెట్ ఖర్చు దండగ కాదు.

5. హౌసింగ్‌లో పెట్టి చూడండి

వీల్ రెక్కల వంపూ హౌసింగ్ లోపలి వంపూ ఒకటే కావాలి. ఖాళీ ఎక్కువైతే బూస్ట్ పడిపోతుంది, తక్కువైతే ఒరుసుకుంటుంది. ఇండ్యూసర్ పెరిగితే హౌసింగ్‌ను లేత్ మీద ఆ వంపుకే కోయించాలి. సరైన ఖాళీ ఎంతో మీ టర్బో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

6. బ్యాలెన్స్ రిపోర్టు అడగండి

ఇక్కడ మొహమాటపడొద్దు. వీల్ విడిగా, షాఫ్ట్ విడిగా బ్యాలెన్స్ చేశాక, మొత్తం కోర్ (షాఫ్ట్, బేరింగులు, వీల్స్ కలిసిన భాగం) కూడా హై స్పీడ్ మెషిన్ మీద తిప్పి చూడాలి. "ఒరిజినల్ వీల్‌కి అక్కర్లేదండీ" అంటే ఒప్పుకోకండి. బ్యాలెన్స్ అయ్యాక వీల్‌కీ షాఫ్ట్‌కీ నట్‌కీ ఒకే వరుసలో గుర్తు పెట్టించండి.

షాఫ్ట్ నట్ చాలా టర్బోల్లో ఎడమ మరలది. మాన్యువల్‌లోని టార్క్‌కే బిగించాలి, ఎయిర్ గన్ వాడకూడదు. స్పానర్‌ను పక్కకి లాగుతూ బిగిస్తే షాఫ్ట్ సన్నగా వంగుతుంది, అది కంటికి కనపడదు. నట్‌కి నిటారుగా ఉండే టీ హ్యాండిల్‌తో, రెండు చేతులూ సమంగా తిప్పుతూ బిగించమనండి.

7. బండికి ఎక్కించాక

ఆయిల్ రంధ్రంలో కొత్త ఆయిల్ పోసి, వీల్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పండి. స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లోనే ఉంచండి. మొదటి ట్రిప్పులో లోడుతో ఏదైనా ఎత్తు ఎక్కేటప్పుడు రేడియో ఆపి, అద్దం దించి వినండి. సన్నటి ఈల మామూలే. బుస్ బుస్ వినిపిస్తే గేరు తగ్గించి ఆర్‌పీఎం పెంచండి, దిగాక మళ్లీ రెండో చుక్క లెక్క చూడండి. ఆ సాయంత్రం ఇంజన్ చల్లారాక గొట్టం విప్పి, వీల్ కొనను రెండు వేళ్లతో పట్టుకుని నాలుగు వైపులా నెట్టుతూ తిప్పి చూడండి. ఎక్కడా హౌసింగ్‌కి తగలకుండా, తేలిగ్గా తిరగాలి.