హాకీ ఆగిపోయిన చలికాలంలో కెనడా వచ్చినవారికి

ఈ సెప్టెంబరు, అక్టోబరుల్లో టొరంటో చుట్టుపక్కలకు వచ్చిన మనవాళ్లు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతున్నారు: "అన్నా, ఆఫీసులో అందరూ లాకౌట్, లాకౌట్ అంటున్నారు. ఏ కంపెనీ మూతపడింది?" సిన్ (సోషల్ ఇన్సూరెన్స్) నంబరు, హెల్త్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఇవాళ 2012 డిసెంబరు 23. ఇంకో మూడు రోజుల్లో రష్యాలో జూనియర్ల (ఇరవై ఏళ్లలోపు కుర్రాళ్ల) ప్రపంచ హాకీ టోర్నమెంటు మొదలవుతోంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను.

ముందుగా పేరు సంగతి. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేదే. మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్‌లో ఆడినదాన్ని ఇక్కడ ఫీల్డ్ హాకీ అంటేనే అర్థమవుతుంది. "మా దేశంలోనూ హాకీ ఉంది" అని చెప్పండి, తప్పులేదు. వాళ్లు ఆసక్తిగా వింటారు. కానీ రెండూ ఒకటేనని మాత్రం అనకండి.

ఇక లాకౌట్. ఇది సమ్మె కాదు. పనిచేసేవాళ్లు పని ఆపితే సమ్మె, యజమాని గేటుకు తాళం వేస్తే లాకౌట్. జూట్ మిల్లు గేటు ముందు రోజుల తరబడి కూర్చున్న కుటుంబాలను చూసిన విజయనగరం వాళ్లకు ఈ తేడా నేను చెప్పక్కర్లేదు. ఇక్కడ తాళం పడింది 30 జట్లున్న ఎన్‌హెచ్‌ఎల్‌కు, అంటే అమెరికా, కెనడాల పెద్ద హాకీ లీగ్‌కు. ఆటగాళ్లతో పాత ఒప్పందం సెప్టెంబరు 15తో ముగిసింది. లీగ్‌కు ఏడాదికి వచ్చే ఆదాయం సుమారు 330 కోట్ల డాలర్లు. అందులో ఆటగాళ్లకు 57 శాతం వెళ్లేది. యజమానులు జులైలో 43 శాతమే ఇస్తామన్నారు, అక్టోబరులో సగం సగం అన్నారు. ఆటగాళ్లు కూడా దాదాపు అక్కడికే వచ్చారు. ఇప్పుడు పీటముడి వేరే చోట పడింది: ఒక ఆటగాడి కాంట్రాక్టు ఎన్నేళ్లకు మించకూడదు, పింఛను ఎలా, ఈ ఒప్పందం ఎన్నేళ్లు నడవాలి. యజమానుల తరఫున గ్యారీ బెట్‌మన్, ఆటగాళ్ల తరఫున డొనాల్డ్ ఫెహర్ మాట్లాడుతున్నారు. ఈ రెండు పేర్లు టీవీలో రోజూ వింటారు. మొన్న గురువారం జనవరి 14 దాకా ఆటలు రద్దు చేశారు. సీజన్‌లో ఉండాల్సినవి 1230 ఆటలు, అందులో 625 పోయినట్టే.

"కోటీశ్వరుల గొడవ మనకెందుకు" అని ఇక్కడివాళ్లు తమలో తాము అనుకుంటారు. వచ్చిన రెండు నెలలకే మనం ఆ మాట అనకపోవడం మంచిది. ఇంట్లో వాళ్లను ఇంట్లో వాళ్లు తిట్టుకోవడం వేరు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు తిట్టడం వేరు.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను కూడా లాకౌట్ చలికాలంలోనే వచ్చాను. అది 2004. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంటులో అద్దెకు దిగాం. పైన ఓనరు, అరవై దాటిన పెద్దాయన, ఒక్కరే ఉండేవారు. శనివారం రాత్రిళ్లు పైనుంచి ఏ చప్పుడూ వినిపించేది కాదు. ముభావంగా ఉండే మనిషేమో అనుకున్నాను. సీబీసీ టీవీలో 1952 నుంచి శనివారం రాత్రి హాకీ వస్తోందని, ఆయన పెళ్లినాటి నుంచి ఆ వేళను ఆటకే కేటాయించారని, ఆ ఏడాది ఆ సమయంలో ఏం చేయాలో ఆయనకు తోచడం లేదని నాకు అప్పటికి తెలియదు.

జనవరి 4 సాయంత్రం ఆయన కిందికి వచ్చి తలుపు కొట్టారు. "పైకి రండి, కుర్రాళ్లు ఆడుతున్నారు" అన్నారు. మా ఆవిడ ఉల్లిపాయ పకోడీలు వేసింది, పళ్లెం పట్టుకుని పైకి వెళ్లాం. అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో జూనియర్ల ఫైనల్, కెనడా, రష్యా. కెనడా వైపు పదిహేడేళ్ల సిడ్నీ క్రాస్బీ, రష్యా వైపు అలెగ్జాండర్ ఒవెచ్కిన్, తరవాత ఇద్దరూ ఎన్‌హెచ్‌ఎల్ స్టార్లయ్యారు. అప్పటికే బోస్టన్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక సీజన్ ఆడిన పాట్రిస్ బెర్జరాన్, లాకౌట్ వల్ల కెనడా జట్టుకు దొరికి జూనియర్లలో ఆడాడు. ఆ టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడు అతనే. కెనడా 6-1తో గెలిచింది. ఆఫ్‌సైడ్ అనే నియమం ఏమిటో పెద్దాయన నాకు ఆరోజు పకోడీలు బల్ల మీద పేర్చి చూపించారు. నాలుగు నెలలుగా "గుడ్ మార్నింగ్" దాటని మా మాటలు ఆ రాత్రితో మొదలయ్యాయి.

ఫిబ్రవరి 16న ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా లేకుండా పోయింది. డ్రైవ్‌వేలో ఇద్దరం మంచు తీస్తున్నాం. ఆయన పార నేలకు ఆనించి నిలబడిపోయారు. "1919 తరవాత స్టాన్లీ కప్ ఎవరికీ దక్కకపోవడం ఇదే. అప్పుడు ఫ్లూ వచ్చింది. ఇప్పుడు డబ్బు వచ్చింది" అన్నారు. ఈ ఏడాది మీ పక్కింటివాళ్లకు ఉన్న టెన్షన్ అదే, మళ్లీ అలా అవుతుందేమోనని.

కాబట్టి "ఆటలు ఎప్పుడు మొదలవుతాయి" అని అడగకండి. ఆ ప్రశ్న విని విని విసిగిపోయారు. "జూనియర్స్ చూస్తారా?" అని అడగండి. లేదా "చిన్నప్పుడు ఎక్కడ ఆడేవారు?" అనండి. రెండో ప్రశ్నకు జవాబు వినడానికి కనీసం అరగంట చేతిలో పెట్టుకోండి.

ఈసారి టోర్నమెంటు రష్యాలోని ఉఫాలో. టొరంటోకు, ఉఫాకు 11 గంటల తేడా. అందుకే కెనడా ఆటలు చాలావరకు మనకు తెల్లవారుజామున పడుతున్నాయి. 26న జర్మనీతో, 28న స్లొవేకియాతో, 30న అమెరికాతో, 31న రష్యాతో. ఫైనల్ జనవరి 5న. టీఎస్ఎన్ అనే స్పోర్ట్స్ చానల్లో వస్తాయి. కేబుల్ లేకపోతే ఉన్నవాళ్లింటికి ముందే చెప్పి వెళ్లండి, ఎవరూ కాదనరు. బేస్‌మెంటులో ఉండేవాళ్లు ఆ వేళ సౌండ్ తగ్గించుకోండి. పైవాళ్లు కూడా లేచే ఉన్నట్టు అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం పైకి వెళ్లి తలుపు తట్టండి.

చూడాల్సిన కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. కెప్టెన్ ర్యాన్ న్యూజెంట్-హాప్కిన్స్ 2011 డ్రాఫ్ట్‌లో, అంటే ఎన్‌హెచ్‌ఎల్ జట్లు కొత్త కుర్రాళ్లను ఎంచుకునేచోట, మొదటివాడు. మామూలుగా అయితే ఈపాటికి ఎడ్మంటన్ తరఫున ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడుతుండేవాడు. లాకౌట్ వల్ల అతనూ బెర్జరాన్‌లాగే కుర్రాళ్ల జట్టుకు దొరికాడు. పదిహేడేళ్ల నేథన్ మెకినన్, జొనాథన్ డ్రూయిన్ ఇద్దరూ హాలిఫాక్స్ క్లబ్బు వాళ్లే. కెనడా చివరిసారి స్వర్ణం గెలిచింది 2009లో. దానితో కలిపి వరసగా అయిదేళ్లు వాళ్లదే. ఇప్పుడు మూడేళ్ల ఎదురుచూపు, దానిమీద ఈ లాకౌట్. ఈ ఇరవై నిండని పిల్లల మీద ఎంత బరువుందో ఊహించండి.

ఆట నేరుగా చూడాలనుంటే ఎన్‌హెచ్‌ఎల్ కోసం ఆగక్కర్లేదు. ఊళ్లలో జూనియర్ జట్లు ఆడుతూనే ఉన్నాయి, ఆ లీగ్‌లకు తాళం పడలేదు. మా బ్రాంప్టన్ బెటాలియన్ పవరేడ్ సెంటర్‌లో ఆడుతుంది. వచ్చే సీజన్‌కు ఆ జట్టు నార్త్ బేకు వెళ్లిపోతోంది, ఇక్కడ ఇదే ఆఖరి చలికాలం. పండగ సెలవులయ్యాక పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లండి. లోపల చలి ఉంటుంది, జాకెట్ కారులో వదలకండి.

అరీనాల్లో తినుబండారాల స్టాళ్లు, సెక్యూరిటీ, పార్కింగ్ పనులు చేసేవాళ్లలో కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఈ గొడవలో వాళ్లకు ఏ పక్షమూ లేదు, షిఫ్టులు మాత్రం పోయాయి. మీరు అలాంటి పనిలో ఉంటే యజమాని దగ్గర ఆర్ఓఈ అనే ఉద్యోగ రికార్డు అడిగి తీసుకోండి. చివరి పనిరోజు నుంచి నాలుగు వారాల లోపు సర్వీస్ కెనడాలో ఈఐకి, అంటే నిరుద్యోగ భృతికి, దరఖాస్తు చేయండి. ఈ 2012 నిబంధనల ప్రకారం కొత్తగా పనిలో చేరినవాళ్లకు గత 52 వారాల్లో 910 గంటలు ఉండాలి. మీకు అన్ని గంటలు లేవనిపించినా ఆ కాగితం మాత్రం వదులుకోకండి, రేపు లెక్కకు పనికొస్తుంది. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, జీతంలోంచి కోసుకున్న డబ్బే అది.

ఇంకో చిన్న సంగతి. సందుల్లో పిల్లలు టెన్నిస్ బంతితో హాకీ ఆడుతుంటారు. మీ కారు చూడగానే "కార్!" అని అరిచి గోల్ పోస్టులు పక్కకు లాగుతారు. హారన్ కొట్టకండి. నెమ్మదిగా వెళ్లి, దాటాక చెయ్యి ఊపండి. మీ పిల్లాడు కిటికీ దగ్గర నిలబడి వాళ్లనే చూస్తుంటే బూట్లు తొడిగి బయటికి పంపండి. స్టిక్ వాళ్లే ఇస్తారు.

పెద్దాయన ఇప్పుడు బారీలో కూతురి దగ్గర ఉంటున్నారు. 26న ఆట అయ్యేదాకా ఎవరూ ఫోన్ చేయకూడదని, అయిన వెంటనే నేనే చేయాలని నిన్న చెప్పారు. అలారం పెట్టాను. మా ఆవిడ శనగపిండి తెప్పించింది.