చర్చి ఆవరణలో సినిమా: తెర కట్టే ముందు హక్కుల ఉత్తరం

కడపలో గానీ, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు గానీ క్రిస్మస్ ముందో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లోనో చర్చి ఆవరణలో సినిమా వేయాలని సంఘ పెద్దలు కూర్చుంటే, మాట ప్రొజెక్టరు అద్దెతో మొదలై భోజనాలతో ముగుస్తుంది. ఆ సినిమా ఎవరిది, ఎవరిని అడగాలి అన్న సంగతి చాలాసార్లు ప్రస్తావనకే రాదు. నిజానికి ఏర్పాట్లన్నింటిలో మొదటిది అదే కావాలి, దానికి ఆరు వారాల వ్యవధి పెట్టుకోవాలి.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాను జనానికి ప్రదర్శించే హక్కు దాని హక్కుదారుదే. టికెట్ లేదు కదా, దేవుని పనే కదా అన్న సమాధానం చెల్లదు. మతపరమైన కార్యక్రమాలకు 52వ సెక్షను ఇచ్చిన మినహాయింపులో సాహిత్య, నాటక, సంగీత రచనలూ సౌండ్ రికార్డింగులూ ఉన్నాయి గానీ సినిమా లేదు. పాత సినిమా కాబట్టి ఎవరైనా వేసుకోవచ్చనుకోవడమూ పొరపాటే. కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ లెక్క 2038 చివరిదాకా సాగుతుంది. కొన్న డీవీడీ గానీ, కట్టిన ఓటీటీ చందా గానీ ఇంట్లో చూసుకోవడానికే. తెలిసీ ఉల్లంఘిస్తే 63వ సెక్షను కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

హక్కుదారు ఎవరో తెలుసుకోవడానికి సినిమా మొదట్లో కనిపించే సెన్సారు సర్టిఫికెట్‌ను ఆపి చదవండి. దానిమీద నిర్మాత పేరు ఉంటుంది. ఆయన హక్కులు అమ్మేసి ఉంటే కొన్నవారిని అడగాలి. టీవీ ప్రసార హక్కులు ఉన్న చానలుకు గానీ, యూట్యూబ్‌లో పెట్టిన సంస్థకు గానీ బహిరంగ ప్రదర్శనకు అనుమతినిచ్చే అధికారం ఉండాలని లేదు కనుక ఆ మాట సూటిగా అడగండి. మీ ఉత్తరంలో సినిమా పేరు, భాష, స్థలం, తేదీ, వాన పడితే మారే తేదీ, రాబోయే జనం సుమారు సంఖ్య రాయాలి. ప్రవేశం ఉచితమని రాసి, ఆ రాత్రి కానుకల సంచి తిప్పుతారో లేదో కూడా దాచకుండా చెప్పాలి. ఫోనులో "వేసుకోండి, పర్వాలేదు" అన్న మాట చాలదు, ఈమెయిల్ అయినా సరే రాతలో ఉండాలి.

తరువాత పోలీసుల దగ్గర మైకుకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు నిషిద్ధం. మన పాత మిషన్ కాంపౌండ్లలో చర్చి పక్కనే బడో ఆసుపత్రో ఉండటం మామూలే. ఆ చుట్టుపక్కల 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటించారేమో ముందే విచారించండి. 1955 నాటి రాష్ట్ర సినిమాల క్రమబద్ధీకరణ చట్టం ప్రదర్శన స్థలానికి లైసెన్సు కోరుతుంది కాబట్టి, తాత్కాలిక ప్రదర్శనకు ఏమి కావాలో తహసీల్దారు కార్యాలయంలోనూ అడగాలి.

సమయం ఈ 10 గంటల గీతను బట్టే కుదురుతుంది. డిసెంబరులో ఆరున్నరకల్లా చీకటి పడుతుంది గనుక రెండున్నర గంటల సినిమా హాయిగా పూర్తవుతుంది. మే నెలలో ఏడు దాటితే గానీ తెర మీద బొమ్మ తేరుకోదు. అప్పుడు ప్రసంగం కుదించుకోవలసిందే, పాస్టరుగారికి ఈ మాట ముందే చెప్పడం మంచిది. నవంబరులో మాత్రం ఈశాన్య రుతుపవనాల వానను నమ్మలేం.

తెర ముఖం పడమటికి ఉంటే సంధ్య వెలుతురు నేరుగా దానిమీదే పడుతుంది. పదహారడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తు తెర గాలికి తెరచాపలా ఉబ్బుతుంది కాబట్టి ఇనుప పైపుల చట్రానికి నాలుగు వైపులా బిగించి, వెనక తాళ్లు లాగి కట్టాలి. జనరేటరును చర్చి గోడ అవతల, గాలివాలుకు పెట్టించండి, లేకుంటే పొగా మోతా జనం మీదికే వస్తాయి. రెండు రోజుల ముందు, రాత్రిపూట, అదే ఫైలు, అదే వైరుతో పదిహేను నిమిషాలు వేసి చూడండి.

హక్కుల ఉత్తరం, మైకు అనుమతి ఉన్న ఫైలు పాస్టరుగారి ఇంట్లో కాకుండా ప్రొజెక్టరు బల్ల మీదే ఉండాలి. అడగడానికి వచ్చినవారు ముందు అక్కడికే వస్తారు.