అరవై దాటిన హీరోకి క్రైమ్ థ్రిల్లర్ రాయాలంటే

రెండేళ్ల కిందట జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద హీరోకి కథ చెప్పాను. పేరు చెప్పను. రెండున్నర గంటలు ఓపిగ్గా విన్నారు. అయిపోయాక సోఫాలోంచి లేచారు. ఎడమ చెయ్యి సోఫా అంచుకి ఆనించారు, కాస్త ముందుకు వంగారు, ఒక్క క్షణం ఆగారు, అప్పుడు లేచారు. లేస్తూ ఎవరైనా చూశారా అన్నట్టు మేనేజర్ వైపు ఓ చూపు. నా చేతిలో ఉన్న స్క్రిప్ట్ మొదటి పేజీలోనేమో ఆయన మూడో అంతస్తు పిట్టగోడ మీంచి పక్క బిల్డింగ్ మీదికి దూకుతున్నాడు. "బాగుంది, ఆలోచిద్దాం" అన్నారు. సినిమా అవకాశాల కోసం కృష్ణానగర్‌లో నాలుగు నెలలు తిరిగినవాడెవడికైనా ఆ మాటకి అర్థం తెలుసు.

యూసుఫ్‌గూడలో ఒక గది అద్దెకి తీసుకుని పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. టైటిల్స్‌లో నా పేరు పడింది తక్కువ, పడినా "కథా సహకారం" కిందే. ఈమధ్య గదికొచ్చే కుర్ర రైటర్లు అడిగేది ఒకటే: సీనియర్ హీరో డేట్స్ ఉన్నాయి, క్రైమ్ థ్రిల్లర్ కావాలంటున్నారు, ఎలా రాయాలి అన్నా? నాకు తెలిసినంత చెప్తాను.

కథ మొదలుపెట్టకముందే ఆయన ఒంటి సంగతి కనుక్కోండి. ఆయన్నే అడిగితే తలుపు చూపిస్తారు. మేనేజర్ కూడా "సార్ ఫుల్ ఫిట్" అంటాడు. ఫైట్ మాస్టర్ అసిస్టెంట్‌కి మంచి చాయ్ ఇప్పించి కూర్చోబెట్టండి. ఏ మోకాలు, ఏ భుజం, నైట్ షూట్ ఎన్ని గంటల దాకా, రోప్ కడితే నడుము ఒప్పుకుంటుందా, పరుగు ఎన్ని అడుగులు, అన్నీ చెప్పేస్తాడు. నేను ఆ హీరోకి కథ చెప్పకముందు ఈ పని చెయ్యలేదు. చేసుంటే పిట్టగోడ రాసేవాణ్ణి కాదు.

తర్వాత ఉద్యోగం. మన వాళ్లు కళ్లు మూసుకుని ఏసీపీ అని రాసేస్తారు. హీరోకి 64 ఏళ్లు, జుట్టుకి రంగేసి యూనిఫామ్ తొడిగేస్తే సరిపోతుందనుకుంటారు. ఐపీఎస్ అయితే 60కి రిటైర్మెంట్. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకి 2021లో 58 నుంచి 61కి పెంచారు. అంటే 64 ఏళ్ల మనిషి ఏ లెక్కన చూసినా డ్యూటీలో ఉండడు. ఉంటే గింటే ఓఎస్డీగా, అంటే ప్రత్యేక పని మీద, మళ్లీ తీసుకుని ఉండాలి, లేకపోతే ఇంట్లో పేపర్ చదువుకుంటూ ఉండాలి. ఈ రెండో మనిషే మనకి కావాల్సినవాడు. చేతిలో లాఠీ లేదు, స్టేషన్‌లోకి వెళ్తే కొత్త సెంట్రీ "ఎవరు కావాలి పెద్దాయనా?" అంటాడు. ఆ ఒక్క మాటతో సగం కథ దొరుకుతుంది.

తుపాకీ సంగతి కూడా అంతే. సర్వీస్ పిస్టల్ రిటైరైన రోజే అప్పజెప్పాలి. సొంత లైసెన్స్ తుపాకీ ఉందనుకుందాం. ఎలక్షన్ కోడ్ రాగానే దాన్ని స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు. కథని ఎలక్షన్ టైములో పెట్టండి, హీరో చేతిలో తుపాకీ ఎందుకు లేదో ఎవరూ అడగరు.

మా నాన్న సీఐగా రిటైరయ్యారు, అప్పటికి 58. ఇప్పుడు మలక్‌పేటలో ఉంటారు. నా సీనియర్ పాత్రలన్నీ ఆయన్నుంచే పుట్టాయి. ఇరానీ హోటల్‌కి వెళ్తే గోడకి వీపు ఆనించి, వాకిలి కనపడేటట్టు కూర్చుంటారు. నేను ముందే ఆ కుర్చీలో కూర్చుంటే నిలబడి నావైపు చూస్తారు, అంతే, నేను లేస్తాను. పాత కేసుల డైరీలు అటక మీద గోనెసంచిలో ఉన్నాయి కానీ ఆయనకి వాటి అవసరం లేదు. ఎనభైల్లో పట్టుకున్న స్కూటర్ నంబరు ఇప్పటికీ నోటికొస్తుంది, పొద్దున వేసుకున్న బీపీ బిళ్ల మాత్రం గుర్తుండదు. హత్య అంటే ఆయనకి "త్రీ నాట్ టూ"యే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్య సెక్షన్ 103 అయింది. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ 302. మీ హీరో చేత కూడా ఒకసారి 302 అనిపించండి, పక్కనున్న కుర్ర ఎస్సై మెల్లగా "103 సార్" అననివ్వండి. మేకప్‌మన్ గంటన్నర కష్టపడినా తేలేని వయసు ఆ రెండు అంకెల్లో వచ్చేస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్న ఎస్సైకి దొరకనిది ఈయనకి పాత స్కూటర్ నంబరులో దొరికితే, అదే మీ ఇంటర్వెల్.

అసలు కిటుకు ఇక్కడుంది. కుర్ర హీరోకి బలం చేతుల్లో ఉంటుంది. పెద్దాయన చేతుల్లోంచి మనం తీసేసిన బలాన్ని ఇంకో చోట పెట్టాలి. ఎక్కడ పెట్టారో ప్రేక్షకుడికి కనపడాలి. 'దృశ్యం' 2014లో వచ్చింది, వెంకటేష్‌కి అప్పటికి 53. అందులో ఆయన కేబుల్ ఆపరేటర్. పోలీసుల చేత దెబ్బలు తింటాడు, తిరిగి కొట్టడు. బలమంతా చూసిన సినిమాల్లోంచి నేర్చుకున్న తెలివిలో ఉంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నా ముందు వరుసలో ఒకాయన "ఒక్కటి పీకరా" అని అరిచాడు, సెకండాఫ్‌లో మళ్లీ నోరెత్తలేదు.

'జైలర్'కి వచ్చేసరికి (2023, రజనీకాంత్‌కి 72) బలం ఆయన వెనకున్న మనుషుల్లో ఉంది. ఆయన చాలాసేపు కూర్చునే ఉంటారు, పని వాళ్లు చేస్తారు. 2022లో వచ్చిన 'విక్రమ్' ఇంకో దారి పట్టింది. ఫస్టాఫ్‌లో ఎక్కువ భాగం ఫహాద్ ఫాజిల్ తిరుగుతూ కమల్ హాసన్ పాత్ర గురించి ఆరా తీస్తుంటాడు. హీరో తెర మీద లేకుండానే పెరుగుతుంటాడు. ప్రొడ్యూసర్‌కి ఇది బాగా నచ్చుతుంది, పెద్ద హీరో కాల్షీట్లు తగ్గుతాయి కదా.

లోపాన్ని దాచకుండా కథకి పనికొచ్చేలా చేసుకోవడం చూడాలంటే స్టాలోన్ 'కాప్ ల్యాండ్' చూడండి, 1997ది. కండలు చూపించే మనిషి ఆ సినిమా కోసం దాదాపు 18 కిలోలు పెరిగి, ఒక చెవి వినపడని షెరీఫ్‌గా చేశాడు. క్లైమాక్స్‌కి ముందు బాగున్న చెవి పక్కనే తుపాకీ పేలుస్తారు. ఇక కాల్పులన్నీ దాదాపు చప్పుడు లేకుండానే జరుగుతాయి. ఈస్ట్‌వుడ్ 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్' (1993) చేసేటప్పటికి అరవై దాటాయి. ప్రెసిడెంట్ కారు పక్కన పరిగెత్తి రొప్పుతాడు. 1963లో కెనెడీని కాపాడలేకపోయిన మనిషి ఈసారైనా ఆ కారుని అందుకుంటాడా అన్నదే టెన్షన్. ఆ రొప్పు లేకపోతే ఆ సినిమా లేదు.

ఇప్పుడు ఫైట్. సీనియర్ హీరో సినిమాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పదిహేను మందిని గాల్లోకి లేపితే ప్రతి రెండో షాట్‌కీ డూప్ కావాలి, డూప్ ఉన్న ప్రతి షాట్‌లో మొహం దాచాలి, దాచిన కొద్దీ ఎడిటింగ్ ముక్కలు ముక్కలవుతుంది. జనానికి తెలిసిపోతుంది. అందుకని మూడు దెబ్బల ఫైట్ రాయండి, అవి కూడా నిలబడి కొట్టేవి. డెంజెల్ వాషింగ్టన్ 'ద ఈక్వలైజర్' (2014)లో కొట్టేముందు గదంతా ఒకసారి చూసుకుని, ఎన్ని సెకన్లు పడుతుందో లెక్కేసుకుంటాడు. ఆ చూపులోనే జనం ఫైట్ మొత్తం చూసేస్తారు.

నా రెండో డ్రాఫ్ట్‌లో పిట్టగోడ తీసేసి ఏం రాశానో చెప్తాను. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణాల సందు. రాత్రి తొమ్మిదిన్నర, షాపులు మూసే టైము. ముగ్గురు కుర్రాళ్లు వెంటపడ్డారు. హీరో పరిగెత్తడు, నడుస్తాడు. నడుస్తూనే ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు ఎక్కడుందో చూసుకుంటాడు. అక్కడ ఒక షాపు షట్టర్ సగం దించి ఉంది, కొక్కెం కర్ర గోడకి ఆనించి ఉంది. హీరో కర్ర తీసుకుని లోపలికి వెళ్తాడు. మొదటివాడు వంగి లోపలికి దూరగానే కర్రతో షట్టర్ లాగేస్తాడు. బయట ఇద్దరు, లోపల ఒక్కడు. తర్వాత మనకి వినిపించేది గిన్నెల దొంతర కూలిన చప్పుడు మాత్రమే. కెమెరా షట్టర్ బయటే ఉంటుంది. ఇందులో డూప్‌కి పనేం లేదు, ఒక్క రాత్రిలో తీసెయ్యొచ్చు.

షట్టర్ పైకి లేస్తుంది. లోపలికి దూరినవాడు కింద పడున్నాడు, బయటి ఇద్దరూ ఎప్పుడో పారిపోయారు. హీరో ఒక బోర్లించిన గుండిగ మీద కూర్చుని ఉన్నాడు, ఊపిరి అందడం లేదు. షాపు పిల్లాడు నీళ్ల బాటిల్ ఇస్తాడు. హీరో మూత తిప్పుతాడు. వేళ్లు వణుకుతున్నాయి, మూత రాదు. మళ్లీ తిప్పుతాడు. పిల్లాడు ఏమీ మాట్లాడకుండా బాటిల్ తీసుకుని, మూత తీసి ఇస్తాడు.

ఈ ముక్క చదివి మా నిర్మాత గొడవపెట్టాడు. "హీరో మూత తీయలేకపోవడం ఏంటయ్యా, ఫ్యాన్స్ తంతారు" అన్నాడు. వాదించలేదు నేను. మూత హీరో తీయలేదని ఎక్కడా డైలాగ్ పెట్టలేదు, పిల్లాడికి జాలి మొహం కూడా రాయలేదు, పెద్దాయనకి ఇంట్లో తాతకి చేసినట్టు చేశాడంతే అన్నాను. పాత్ర నీరసపడటం వేరు, హీరోని తక్కువ చెయ్యడం వేరు. ఈ తేడా రాసేవాడి చేతిలోనే ఉంది.

హీరోయిన్ గురించి ఎక్కువ చెప్పను. ముప్పై ఏళ్ల అమ్మాయితో విదేశాల్లో పాట అడిగితే మర్యాదగా వద్దనండి. భార్య పాత్రకి సరైన వయసు నటిని పెట్టి ఆమెకి నాలుగు మంచి సీన్లు రాయండి. ఆమె ఆయన్ని భయం లేకుండా తిట్టాలి.

హీరోగానే ఉండాలన్న పట్టుదల లేని స్టార్ దొరికితే మీ అదృష్టం. జగపతి బాబు 2014లో 'లెజెండ్'లో విలన్‌గా వచ్చాక ఆయనకి మొదలైంది కొత్త జీవితమే. నాగార్జున 65 ఏళ్ల వయసులో ఒకే ఏడాది, 2025లో, 'కుబేర'లో తప్పు దారిలోకి జారిన సీబీఐ ఆఫీసర్‌గా చేసి, 'కూలీ'లో విలన్‌గా చేశారు. 'రానా నాయుడు'లో వెంకటేష్ జైలు నుంచి వచ్చిన తండ్రి. ఆ సిరీస్ మా ఇంట్లో అందరితో కూర్చుని మొదలుపెట్టి పది నిమిషాల్లో రిమోట్ కోసం వెతుక్కున్నాం, అది వేరే కథ. నైతికంగా అటూ ఇటూ ఊగే మనిషి పాత్రకి ముడతలున్న మొహం బాగా అతుకుతుంది, క్రైమ్ కథలో అలాంటివాడు ఎలాగూ ఉంటాడు. స్టార్ ఒప్పుకోవాలి, అంతే.

కథ చెప్పేటప్పుడు "వయసు" అన్న మాట నోట్లోంచి రానివ్వకండి. "మీ ఏజ్‌కి తగ్గట్టు" అన్నారా, అక్కడితో అయిపోయింది. "ఈ మనిషి ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో డ్యూటీ చేశాడు సార్" అనండి. సంవత్సరాలు ఆయన అనుభవంలోకి వెళ్లాలి, ఒంట్లోకి కాదు.

పోయిన నెల అదే ఇంటికి రెండో డ్రాఫ్ట్‌తో వెళ్లాను. షట్టర్ సీన్ దగ్గర ఆయన ఫోన్ పక్కన పెట్టారు. బాటిల్ ముక్క అయ్యాక మాత్రం ఒక ప్రశ్న వేశారు: "ఆ పిల్లాడిగా ఎవర్ని అనుకుంటున్నారు?" ఇంకా డేట్స్ ఇవ్వలేదు. ఆ ప్రశ్న వచ్చాక నాకు నిద్ర పట్టింది.

మీరూ ఇలాంటి సీన్ రాసుకుంటే ప్రొడక్షన్ వాళ్లకి ముందే ఒక మాట చెప్పండి: సీల్ తీయని బాటిళ్లు డజను తెప్పించమని. మామూలుగా షాట్ ఆలస్యం కాకుండా మూత ముందే వదులు చేసి పెడతారు. క్లోజప్‌లో ఆ మూత ఒక్క వేలికే తిరిగిపోతుంది.