సేవ్ ఫైల్‌కు కిరాయి కట్టకుండా కాపాడుకోవడం ఎట్లా

ఆట కొన్నాం, మిషన్ కొన్నాం, నెట్ బిల్లు కడుతున్నాం. ఆ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో రాసి ఉండే సేవ్ ఫైల్‌ను క్లౌడ్‌లో, అంటే నెట్‌లో కంపెనీ సర్వర్లలో, దాచుకోవడానికి కూడా మళ్లీ ఏడాదికింత కట్టాలా అన్నదే గేమర్ల కోపం. ఈ కోపంలో న్యాయం ఉంది. ఎల్డెన్ రింగ్ అనే ఆట సేవ్ ఫైల్ దాదాపు 28 ఎంబీ, అందులోనే పది క్యారెక్టర్లకు చోటు. జీమెయిల్ ఉన్నవాళ్లందరికీ గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో ఇట్లాంటివి వందలు పడతాయి. అంటే పైసలు అడుగుతున్నది చోటుకు కాదు, కాపీ చేసుకునే దారిని మూసేసి దానికి గేటు పెట్టినందుకు.

2018 సెప్టెంబరులో నింటెండో తన స్విచ్ మిషన్‌కు పెట్టిన చందా, నింటెండో స్విచ్ ఆన్‌లైన్, ఏడాదికి 19.99 డాలర్లతో మొదలైనప్పుడు ఈ గొడవ బాగా ముదిరింది. స్విచ్‌లో సేవ్‌ను మైక్రో ఎస్‌డీ కార్డులోకి కాపీ చేయలేం. చందా కట్టినా స్ప్లాటూన్ 2 లాంటి ఆటలకు క్లౌడ్ సౌకర్యమే లేదు. మరోపక్క పీసీ ఆటలమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2008 నుంచి సేవ్‌లను క్లౌడ్‌లో దాచే పని ఉచితంగా చేస్తోంది. ఎక్స్‌బాక్స్ వన్ నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అంతే. కాబట్టి ఖర్చవుతుంది, అందుకే తీసుకుంటున్నాం అన్న మాట నిలబడదు.

కోపం సంగతి అట్లా ఉంచి, మన సేవ్ మన చేతిలో ఉండాలంటే చేయాల్సిన పని చూద్దాం.

పీసీలో

ముందు సేవ్ ఎక్కడుందో తెలియాలి. ఆటకో చోటు. విచర్ 3 డాక్యుమెంట్స్‌లో పెడుతుంది, సైబర్‌పంక్ 2077 యూజర్ ఫోల్డర్‌లోని సేవ్డ్ గేమ్స్‌లో పెడుతుంది. ఎల్డెన్ రింగ్, స్టార్‌డ్యూ వ్యాలీ యాప్‌డేటాలోని రోమింగ్‌లో, హాలో నైట్ అక్కడే ఉన్న LocalLow ఫోల్డర్‌లో ఉంటాయి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ నొక్కితేనే కనిపిస్తుంది. కొన్ని ఆటలు సేవ్‌ను ఫైల్‌గా కాకుండా విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో రాస్తాయి. ఫోల్డర్లు కాపీ చేసుకుంటూ పోతే ఇవి తప్పిపోతాయి.

అందుకే చేత్తో వెతికే బదులు లుడుసావి అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడండి. వేల ఆటల సేవ్‌లు ఎక్కడుంటాయో దానికి తెలుసు, రిజిస్ట్రీతో సహా. తెరిచి బ్యాకప్ ఫోల్డర్‌గా రెండో డ్రైవ్‌నో పెన్‌డ్రైవ్‌నో చూపించండి. ముందు ప్రివ్యూ నొక్కి మీ ఆటలన్నీ జాబితాలో వచ్చాయో లేదో చూసి, తర్వాత బ్యాకప్ నొక్కండి. సెట్టింగ్స్‌లో పాత కాపీలు ఎన్ని ఉంచాలో అడిగే చోట ఫుల్ (మొత్తం కాపీ) 3, డిఫరెన్షియల్ (మారినవి మాత్రమే) 5 పెట్టండి. ఒకటే కాపీ ఉంచితే, పాడైన సేవ్ మంచి సేవ్ మీద పడి రెండూ పోతాయి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల క్లౌడ్, వన్‌డ్రైవ్, ఇంకో తలనొప్పి. కొత్త ల్యాప్‌టాప్‌లో డాక్యుమెంట్స్ ఫోల్డర్ చాలాసార్లు మనకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి మళ్లి ఉంటుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండగానే సింక్ ఆగిపోయి, పైసలు కట్టమని నోటీసు మొదలవుతుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌కు వెళ్లి డాక్యుమెంట్స్ ఆఫ్ చేయండి. ఆఫ్ చేశాక సేవ్‌లు పోయినట్టు కనిపిస్తే కంగారు పడొద్దు. వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలున్న డాక్యుమెంట్స్‌లోనే ఉంటాయి. అక్కడి నుంచి మామూలు డాక్యుమెంట్స్‌లోకి మార్చుకుంటే చాలు.

కరెంటు పోయినప్పుడు స్టీమ్‌తో జాగ్రత్త

వరంగల్, కరీంనగర్ వైపు ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం మామూలే. ఆట సేవ్ రాస్తుండగా పోతే ఫైల్ సగంలో తెగుతుంది. ఒక్కోసారి సైజు సున్నా అవుతుంది. స్టీమ్ క్లౌడ్ ఉందిగా అనుకోకండి. అది ఉన్నదాన్ని ఉన్నట్టు పైకి పంపే సింక్, బ్యాకప్ కాదు. పాడైన ఫైల్‌ను కూడా అంతే నమ్మకంగా పంపుతుంది.

అయితే స్టీమ్ సాధారణంగా సేవ్‌ను పంపేది ఆట మూసినప్పుడు. కరెంటు పోతే ఆట సరిగ్గా మూసుకోదు. అంటే క్లౌడ్‌లో ఇంకా పాత, మంచి సేవ్ ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఇట్లా కాపాడుకోవాలి.

కరెంటు రాగానే పీసీలో స్టీమ్ తెరవొద్దు. విండోస్‌తో పాటే తెరుచుకునేలా పెట్టి ఉంటే నెట్ ఆపి సిస్టమ్ ఆన్ చేయండి. ముందు సేవ్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేయండి. పాడైందే అయినా సరే. తర్వాత ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, స్టీమ్ స్టోర్ అడ్రసు వెనక స్లాష్ అకౌంట్, స్లాష్ రిమోట్‌స్టోరేజ్ అని కొట్టి లాగిన్ అవ్వండి. ఆటల జాబితా వస్తుంది. మీ ఆట తెరిస్తే ఒక్కో ఫైల్ పక్కన సైజు, తేదీ, డౌన్‌లోడ్ కనిపిస్తాయి. అన్నీ దించుకోండి. ఇప్పుడు పీసీలో స్టీమ్ తెరిచి, ఆ ఆట ప్రాపర్టీస్‌లో జనరల్ కింద స్టీమ్ క్లౌడ్ ఆఫ్ చేసి, దించిన ఫైళ్లను సేవ్ ఫోల్డర్‌లో పెట్టి ఆట నడపండి. సేవ్ తెరుచుకుంటే మూసేసి, క్లౌడ్ మళ్లీ ఆన్ చేయండి. రెండు చోట్లా తేడా ఉందని అడిగితే ఈ కంప్యూటర్‌లోదే ఉంచమనండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా పీసీ రీస్టార్ట్ అవుతోందంటే దాని మోడ్ స్విచ్ చూడండి. చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని ఉంటుంది. ఎకోలో కరెంటు నుంచి బ్యాటరీకి మారడం ఆలస్యమవుతుంది, ఫ్యాన్లకు ఫరవాలేదు గానీ పీసీ తట్టుకోదు. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే పీఎస్5 (ప్లేస్టేషన్ 5)కు 600 వీఏ యూపీఎస్, గ్రాఫిక్స్ కార్డున్న పీసీకి 1000 వీఏది. సేవ్ చేసి మూసుకోవడానికి కొన్ని నిమిషాలు దొరికితే చాలు.

పీఎస్4, పీఎస్5

పీఎస్4లో దారి తెరిచే ఉంది. సెట్టింగ్స్, అప్లికేషన్ సేవ్డ్ డేటా మేనేజ్‌మెంట్, సిస్టమ్ స్టోరేజ్‌కు వెళ్లి కాపీ టు యూఎస్‌బీ నొక్కాలి. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే మిషన్ గుర్తించదు. కాపీ చేసిన సేవ్ అదే పీఎస్ఎన్ (ప్లేస్టేషన్ నెట్‌వర్క్) అకౌంట్‌లో మాత్రమే తెరుచుకుంటుంది. కాబట్టి మిషన్ అమ్మినా అకౌంట్ మాత్రం పోగొట్టుకోవద్దు.

పీఎస్5లో పీఎస్4 ఆటల సేవ్‌లను ఇట్లాగే పెన్‌డ్రైవ్‌లోకి తీయొచ్చు. పీఎస్5 ఆటలవి తీయలేం. గేమర్లు తిట్టేది సరిగ్గా దీన్నే, మనకూ అది ఒప్పుకోలేని సంగతే. క్లౌడ్ సేవ్ ఇచ్చే పీఎస్ ప్లస్ చందా కట్టకుండా మిగిలిన దారి మొత్తం మిషన్ బ్యాకప్. సెట్టింగ్స్, సిస్టమ్‌లో బ్యాకప్ అండ్ రీస్టోర్ తెరిచి, గేమ్స్ అండ్ యాప్స్ టిక్ తీసేసి సేవ్డ్ డేటా మాత్రం ఉంచితే చిన్న డ్రైవ్ సరిపోతుంది. ఒక ప్రమాదం మాత్రం ముందే తెలుసుకోవాలి. రీస్టోర్ నొక్కితే మిషన్‌లో ఇప్పుడున్నదంతా తుడిచేసి పాతది పెడుతుంది. ఒక్క ఆట సేవ్ వెనక్కి తెచ్చుకోవడానికి ఇది పనికిరాదు, మిషన్ పాడైతేనో మార్చితేనో పనికొస్తుంది. పాత పీఎస్5 నుంచి కొత్తదానికైతే రెండూ ఒకే నెట్‌వర్క్‌లో పెట్టి డేటా ట్రాన్స్‌ఫర్ చేసుకోవచ్చు, దానికి చందా అక్కర్లేదు.

చందా ఆపేయాలనుకుంటే గడువు ముగియకముందే క్లౌడ్‌లో ఉన్న సేవ్‌లన్నీ మిషన్‌లోకి దించుకోండి. తర్వాత మళ్లీ కడితే తప్ప ఆ తలుపు తెరుచుకోదు. నింటెండోలో అయితే 180 రోజుల లోపు మళ్లీ కడితే పాత క్లౌడ్ సేవ్‌లు దొరుకుతాయి.

ఎక్స్‌బాక్స్‌కు చేయాల్సింది తక్కువ. ఆట మూసి, సింక్ అయ్యేదాకా ఆగి, అప్పుడు స్విచ్ ఆపండి. గోడ దగ్గర స్విచ్ కొట్టేసే అలవాటుంటే అది మానుకోవాలి.

గేమింగ్ సెంటర్‌లో ఆడేవాళ్లకు

హనుమకొండ, కాజీపేటల్లో గంటకింత కట్టి ఆడే పిల్లలు చాలామంది. సెంటర్లలో పీసీలను రీస్టార్ట్ కాగానే మొదటి స్థితికి వచ్చేలా పెట్టడం సర్వసాధారణం. వైరస్ బెడద ఉండదు, కానీ మీ సేవ్ కూడా పోతుంది. టైమ్ అయిపోవడానికి ఐదు నిమిషాల ముందే ఆట మూసి, సేవ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి వేసుకోండి. సెంటర్ వాళ్ల స్టీమ్ అకౌంట్‌లో ఆడితే ఇంకో చిక్కు ఉంది. ఎల్డెన్ రింగ్ లాంటి ఆటలు సేవ్‌ను స్టీమ్ ఐడీతో ముడిపెడతాయి. రేపు మీ సొంత అకౌంట్‌లో పెడితే తెరుచుకోదు. ఎక్కువ గంటలు పెట్టే ఆట అయితే మొదటి రోజు నుంచే మీ అకౌంట్‌లో ఆడండి.

కాపీ ఎక్కడ పెట్టాలి

2023 జులైలో వరంగల్‌లో హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి వరద నీళ్లు వచ్చినప్పుడు ఇళ్లలో కిందున్న సామానంతా మునిగింది. పీసీ, పక్కనే బ్యాకప్ డ్రైవ్ ఒకే టేబుల్ మీద ఉంటే రెండూ ఒకేసారి పోతాయి. అందుకే ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి గూగుల్ డ్రైవ్‌లో ఉంచండి. లుడుసావి, ఫైళ్లను క్లౌడ్‌కు పంపే ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్ సాయంతో గూగుల్ డ్రైవ్‌కు నేరుగా పంపగలదు. అది కష్టమనిపిస్తే బ్యాకప్ ఫోల్డర్‌ను జిప్ చేసి, పేరులో తేదీ వేసి, వారానికోసారి బ్రౌజర్ నుంచి ఎక్కించండి.

పెన్‌డ్రైవ్ 32 లేదా 64 జీబీది, పేరున్న కంపెనీది చాలు. నాలుగైదు వందలకు 1 టీబీ అని అమ్మేవి నకిలీలు. మొదట కొన్ని జీబీలు బాగానే రాస్తాయి, ఆ తర్వాత రాసిందంతా చెత్త. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొత్తం నింపి చూస్తే అసలు సైజు బయటపడుతుంది.

బ్యాకప్ తీశాక ఒక్కసారి వెనక్కి పెట్టి చూడండి. చిన్న ఆట ఒకటి తీసుకుని, స్టీమ్ క్లౌడ్ ఆపి, సేవ్ ఫోల్డర్ పేరు మార్చి, లుడుసావిలో రీస్టోర్ నొక్కి ఆట తెరవండి. కంటిన్యూ బటన్ కనిపిస్తే బ్యాకప్ పనిచేస్తున్నట్టే. న్యూ గేమ్ ఒక్కటే కనిపిస్తే పేరు మార్చిన ఫోల్డర్‌ను మళ్లీ మామూలు చేసి, ప్రివ్యూలో ఆ ఆట పక్కన ఏ ఫోల్డర్ చూపిస్తోందో సరిచూసుకోండి.