పలచన చేయడం మానుకున్నాక ట్యాంకులో చోటు దొరికింది

రాయగడ దగ్గర మా కర్మాగారంలో ఉత్పత్తి పెరిగినా కాస్టిక్ లై (నీటిలో కరిగించిన కాస్టిక్ సోడా) ట్యాంకులు రెండే ఉండడంతో ట్యాంకర్లు గేటు బయట రాత్రంతా ఆగేవి. చలికి గడ్డకడుతుందన్న భయంతో, వచ్చిన 50 శాతం ద్రావణాన్ని దించుకోగానే 32 శాతానికి పలచన చేసేవాళ్ళం. లెక్క వేస్తే, అదే సోడాకు దాదాపు 1.75 రెట్లు చోటు పడుతోందని తేలింది. అందుచేత చిక్కటి ద్రావణాన్నే నిల్వ ఉంచి, వాడే చోట నీరు కలపసాగాము. అది సుమారు 12 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కనుక ట్యాంకుకూ పైపులకూ హీటింగ్ కేబుల్ చుట్టి, 30 డిగ్రీలు దాటనివ్వలేదు. మరీ వేడెక్కితే ఉక్కు పగిలే ప్రమాదముంది. లీటరు బరువు 1.35 నుంచి 1.5 కిలోలకు పెరుగుతుంది కాబట్టి ముందే పునాదిని పరీక్షింపజేశాము. ఇది మాత్రం ఎవరూ వదలకూడదు. మొదటి జనవరిలో, కేబుల్ చుట్టని జానెడు డ్రెయిన్ గొట్టం ఒక్కటే పటికబెల్లంలా తెల్లగా బిగుసుకుంది. మరునాడే దానికీ చుట్టించాము.