ఎలుక పల్లు చదవడం – 4వ పాఠం: వంకర పల్లు, దాని ఎదుటి పల్లు

పోయిన పాఠంలో గుడ్లగూబ కక్కిన ఉండలు విప్పి, అందులోని పుర్రెలను నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో కడిగి నీడలో ఆరబెట్టమన్నాను. చేసినవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే ఫిర్యాదు: "ముందు పళ్ళు జారి చేతిలోకి వచ్చేశాయండీ, కింది దవడ రెండు ముక్కలైపోయింది." ఏమీ పాడవలేదు. ఎలుక కింది దవడ రెండు సగాలూ ముందువైపు ఎముకలా అతుక్కుపోవు, మెత్తటి కణజాలంతో కలిసి ఉంటాయంతే. అది ఎండితే విడిపోతాయి. ఫెవికాల్ చుక్కతో అతికించుకోండి. పళ్ళు మాత్రం అతికించొద్దు, ఈ రోజు ఊడినవే కావాలి.

ఒక తెల్ల కాగితం, రెండు గాజులు తీసుకోండి, ఒకటి చిన్నపిల్లది, ఇంకొకటి పెద్దవాళ్ళది. చిన్న గాజు పెట్టి పెన్సిల్‌తో సుమారు సగం గీయండి. పెద్ద గాజు పెట్టి పావు వంతు గీయండి. సగం చుట్టు తిరిగిన చిన్న గీత పై పల్లు, తక్కువ వంపున్న పెద్ద గీత కింది పల్లు. ఊడిన పళ్ళను పక్కన పెట్టి చూడండి. సైజు కలవదు, వంపు కలుస్తుంది. మనకు కనిపించేది పంటి కొస మాత్రమే. కింది పల్లైతే దవడ పళ్ళ వేర్ల కింద నుంచి వెనక్కి చాలా దూరం వెళుతుంది.

ఇప్పుడు ఆ రెండు గీతల్నీ అదే వంపులో ముందుకు పొడిగించండి. చిన్న గీత గుండ్రంగా తిరిగి నోట్లోకే వచ్చేస్తుంది. పెద్దది బయటికి, ముక్కు ముందుగా పైకి పోతుంది. ఎలుక ముందు పళ్ళు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరిగితేనే అదుపులో ఉంటాయి. అరగని పల్లు సరిగ్గా ఇదే చేస్తుంది. పైది అంగిట్లో గుచ్చుకుంటుంది, కిందిది ఏనుగు దంతంలా బయటికి పొడుచుకొస్తుంది. ఈ బొమ్మ దాచుకోండి, చివర్లో పనుంది.

పల్లు ఎందుకు అరుగుతుంది? గట్టి వస్తువులు కొరికి అని చాలామంది అనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అదే చెప్పాను. కొరకడం కొంత నిజమే, కానీ అసలు సాన పట్టేది ఎదుటి పల్లు. పంటికి ముందువైపే గట్టి పింగాణీ పొర ఉంటుంది, వెనకంతా దానికంటే మెత్తటి డెంటిన్ అనే పంటి పదార్థం. పై పల్లు, కింది పల్లు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే వెనకభాగం ముందే అరిగి, ముందు అంచు ఉలిలా పదునుగా నిలుస్తుంది. జత తప్పిందా, సాన ఆగిపోతుంది. అందుకే పొడుగ్గా పెరిగిన పల్లు కనబడితే ముందు దాని వంక చూడకండి. దాని ఎదుటి దాన్ని చూడండి. నేరం తొంభై పాళ్ళు అక్కడే దొరుకుతుంది.

అసలు జబ్బు లేనిచోట జబ్బు చూడకుండా ఉండటం కూడా నేర్చుకోవాలి. కపిలతీర్థం దగ్గర ఉడుత ఆవలిస్తుండగా తీసిన ఫోటో పంపి "పళ్ళు పెరిగిపోయాయి పాపం" అన్నవాళ్ళున్నారు. కింది పళ్ళు పైవాటికంటే ఎప్పుడూ పొడుగ్గానే కనిపిస్తాయి. నారింజ రంగు పాచి కాదు, పింగాణీలోని ఇనుము. బతికున్న జంతువులో కింది రెండు పళ్ళ మధ్య కొంచెం సందు కనిపించినా కంగారు పడక్కర్లేదు. దవడ సగాలు కదులుతాయని పైనే చెప్పుకున్నాం కదా.

ఇక పుర్రె పట్టుకోండి. ఎదురుగా చూస్తే పై రెండు పళ్ళ మధ్య గీత, కింది రెంటి మధ్య గీత దాదాపు ఒక లైన్లో ఉండాలి. పక్క నుంచి చూస్తే, నోరు మూసినప్పుడు కింది కొస పై పంటికి వెనక ఉండాలి. లైను పక్కకు పోయి ఉంటే దవడ ఎముక మీద వేలు నడపండి. విరిగి అతుక్కున్న చోట గడ్డలా తగులుతుంది. చెట్టు మీద నుంచి పడటమో, బండి తగలడమో, బోను తీగ మీద దెబ్బో అయి ఉండొచ్చు. ఎముక బాగుండి ఒక పల్లే మొండిగా ఉంటే అది విరిగింది. ఈ రెండూ ఒకటి కాదు. విరిగిన పల్లు వేరు చెడకపోతే కొన్ని వారాల్లో మళ్ళీ పెరిగి జత కలుస్తుంది. వంకరగా అతుక్కున్న దవడ ఇక జత కలవదు. అలాంటి జంతువు పుర్రె దొరికితే దవడ పళ్ళ అరుగుదల కూడా ఒక పక్కకు వాలి ఉందేమో చూడండి.

ఎన్నాళ్ళయిందో లెక్క కట్టొచ్చు. ఎలుకల్లో పై పల్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు, కిందిది దాదాపు 3 పెరుగుతుంది. పై పల్లు ఉండాల్సినదానికంటే 8 మిల్లీమీటర్లు ఎక్కువుందనుకోండి. 8ని 2తో భాగిస్తే 4 వారాలు. కానీ ఎదురు లేని పల్లు మామూలుకంటే వేగంగా పెరుగుతుంది. కాబట్టి ఆ నాలుగు వారాలు పైహద్దు, నిజానికి అంతకంటే తక్కువే అయి ఉంటుంది. స్కేలుతో కాదు, దారం పంటి వంపు వెంట పరిచి కొలవండి.

బతికున్నది చేతికి దొరికితే? గోళ్ళ కట్టర్ జోలికి పోకండి. మొదట్లో ఒక ఉడుత పిల్లకు నేనా పని చేశాను. పల్లు అడ్డంగా తెగలేదు, నిలువునా చీలింది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. డాక్టర్లు తిరిగే మిషనుతో అరగదీస్తారు, అందుకే చీలదు. తిరుపతిలో ఉన్నవాళ్ళకు వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. అట్టపెట్టెలో గుడ్డ వేసి, చీకటిగా ఉంచి తీసుకెళ్ళండి. శేషాచలం అడవి వైపు దొరికినదైతే ఫారెస్టు వాళ్ళకు చెప్పండి, ఇంట్లో పెంచుకోవద్దు. దవడ వంకరైన అడవి జంతువుకు ఒకసారి అరగదీసి వదిలేస్తే రెండు మూడు వారాల్లో కథ మళ్ళీ మొదటికొస్తుంది. దాన్ని వదలాలా వద్దా అన్నది డాక్టరు తేల్చాల్సిన మాట. ఎలుకనైనా పందికొక్కునైనా ఉత్త చేతుల్తో ముట్టకండి, వాటి మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది. పొలాల్లో ఎలుకలు పట్టే యానాదులను చూడండి, పట్టులోనే ఎంత నేర్పు ఉంటుందో.

ఇంటిపని. చంద్రగిరి వైపు శెనక్కాయ చేలో దొరికిన ఎలుక పుర్రె ఇది: ఎడమ పై పల్లు 6 మిల్లీమీటర్లు అదనంగా పెరిగి లోపలికి తిరిగింది. ఎడమ కింది పల్లు చిగురు దగ్గరే మొండిగా ఉంది. దవడ ఎముక నున్నగా ఉంది, దవడ పళ్ళు రెండు పక్కలా ఒకేలా అరిగాయి. ఏం జరిగింది, ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్ళ కిందట, బతికుంటే దానంతటదే సర్దుకునేదా? గాజుల బొమ్మ మీద ఆ పై పల్లు ఎక్కడిదాకా వచ్చిందో కూడా గీయండి. జవాబు 5వ పాఠం మొదట్లో.