‘స్పేస్ స్టేషన్ నుంచి రష్యా ఔట్’ అని కాపీ వస్తే ఏం చూడాలి

2022 జులై 26 రాత్రి. మొదటి ఎడిషన్ పేజీలు వెళ్లడానికి ఇంకో నలభై నిమిషాలుంది. రష్యా అంతరిక్ష సంస్థ రాస్‌కాస్మాస్‌కు కొత్తగా వచ్చిన అధిపతి యూరి బోరిసోవ్ పుతిన్‌తో చెప్పిన మాట ఏజెన్సీ కాపీగా నా ముందుంది. 2024 తర్వాత అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి తప్పుకోవాలని నిర్ణయించామన్నాడు. నాకు దొరికింది సింగిల్ కాలమ్. హెడ్డింగ్‌లో ‘తర్వాత’ పట్టలేదు, తీసేశాను. ‘2024లో స్టేషన్‌కు రష్యా గుడ్‌బై’ అని పెట్టి టీ తాగడానికి వెళ్లాను.

2023 ఏప్రిల్లో అదే రష్యా 2028 దాకా ఉంటామని ఒప్పుకుంది. ఆ క్లిప్పింగ్ ఇప్పటికీ నా డ్రాయర్‌లో ఉంది. డెస్క్‌లో చేరే కొత్త పిల్లలకు దాన్ని చూపించి చెప్పే సంగతులే ఇవి. ఇంట్లో పేపరు చదివేవాళ్లకూ పనికొస్తాయి.

ముందుగా, కాగితం ఏమైనా కదిలిందా అని చూడండి. స్టేషన్ నడిచేది 1998 జనవరి 29న 15 దేశాలు సంతకం చేసిన ఒప్పందం మీద. ఎవరైనా తప్పుకోవచ్చు, కాకపోతే కనీసం ఏడాది ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని అందులో 28వ అధికరణంలో ఉంది. బోరిసోవ్ మాట్లాడిన రోజు తమకు అలాంటిదేమీ అందలేదని నాసా వాళ్లు చెప్పారు. ఆ ముక్క మా కాపీ చివరి పేరాలో ఉంది. చోటు చాలక కోసేసింది కూడా నేనే.

కాగితం కదిలినా ‘మినహా’ అనే మాట కోసం వెతకండి. 2014లో ఉక్రెయిన్‌లోని క్రిమియాను రష్యా కలిపేసుకున్న గొడవ తర్వాత రష్యాతో సంబంధాలు ఆపేస్తున్నట్టు నాసా ప్రకటించింది, అంతరిక్ష కేంద్రం పనులు మినహా. అసలు వార్త ఆ మినహాయింపే. 2011లో అమెరికా స్పేస్ షటిళ్లు ఆగిపోయాక అప్పట్లో అమెరికన్లకు పైకి వెళ్లడానికి రష్యా నౌక సొయజ్ తప్ప వేరే దారి లేదు. ఒక్కో సీటుకు సుమారు 7 కోట్ల డాలర్లు కట్టేవారు. అప్పటి రష్యా ఉప ప్రధాని రగోజిన్ ‘ట్రాంపొలిన్ మీద ఎగిరి వెళ్లండి’ అని ఎద్దేవా చేశాడు. సీట్ల అమ్మకం మాత్రం ఆగలేదు.

ఈ రగోజినే 2022 ఫిబ్రవరిలో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు, అప్పటికి రాస్‌కాస్మాస్ అధిపతిగా, మనల్నీ లాగాడు. ఆంక్షలు పెడితే 500 టన్నుల ఈ స్టేషన్ ఎక్కడ పడుతుందో, భారత్ మీదో చైనా మీదో పడొచ్చు అన్నట్టు రాశాడు. మర్నాడు సూళ్లూరుపేట నుంచి అమ్మ ఫోన్. “ఏమే, అయిదొందల టన్నులది మన నెత్తిన పడుద్దంట గదా? ఇన్నేళ్లూ మిద్దెక్కి రాకెట్లు పైకి పోవడమే చూశాం గానీ...” శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) కనిపించే ఊళ్లో పుట్టిన మనిషికే ఇంత టెన్షనైతే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది! అమెరికా వ్యోమగామి మార్క్ వాండే హైని పైనే వదిలేస్తారంటూ వీడియోలు కూడా తిరిగాయి. మార్చి 30న ఆయన ఇద్దరు రష్యన్లతో కలిసి సొయజ్‌లోనే కజకిస్తాన్‌లో దిగాడు, 355 రోజుల తర్వాత.

మాటలు అంత ఘాటుగా ఉన్నా పని ఎందుకు ఆగలేదో తెలియాలంటే ఎవరి చేతిలో ఏముందో చూడాలి. మా నాన్న వాళ్లు ఇల్లు పంచుకున్నప్పుడు బోరు మా వాటాలోకి, కరెంటు మీటరు పెదనాన్న వాటాలోకి వచ్చాయి. ఏడాదిన్నర మాటల్లేవు. నీళ్లు మాత్రం ఒక్కపూట ఆగలేదు. స్టేషన్ కూడా అలాగే కట్టారు. అది తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి పలుచని గాలి రాపిడికే మెల్లగా కిందికి జారుతుంది. పైకి తోసేది ప్రధానంగా రష్యా వైపున్న ఇంజన్లు, అక్కడికొచ్చే ప్రోగ్రెస్ సరుకు నౌకలు. పెద్ద సౌర పలకలు అమెరికా వైపున్నాయి, రష్యా గదులకూ అక్కడినుంచి కరెంటు వెళ్తుంది. స్టేషన్‌ను తిన్నగా నిలబెట్టే నాలుగు భారీ గైరోస్కోపులూ (గిర్రున తిరిగే చక్రాలు) అమెరికావే. అవి మోయగలిగినంత మోశాక భారం దించాల్సింది రష్యా థ్రస్టర్లు, అంటే చిన్న ఇంజన్లు. 1998 నవంబర్‌లో మొదట ఎగిరిన జార్యా గది సంగతి మరీ చిత్రం: కట్టింది మాస్కోలో, డబ్బు అమెరికాది.

అయితే ఈ లెక్క మారుతోంది. అమెరికా నౌకలు కూడా స్టేషన్‌ను తోయడం నేర్చుకుంటున్నాయి: 2022 జూన్‌లో సిగ్నస్, 2024 నవంబర్‌లో డ్రాగన్. చివర్లో స్టేషన్‌ను సముద్రంలోకి దించే నౌక కోసం 2024 జూన్‌లో స్పేస్ఎక్స్‌కు 84.3 కోట్ల డాలర్ల దాకా కాంట్రాక్టు ఇచ్చారు. బోరు ఇంకొకటి పడ్డాక అన్నదమ్ముల మాట ఎలా ఉంటుందో మా ఇంట్లో చూశాను కాబట్టి, నేను రగోజిన్ ట్వీట్ల కన్నా ఈ కాంట్రాక్టు వార్తకే ఎక్కువ చోటిస్తాను.

తర్వాత, వచ్చే ప్రయోగంలో ఎవరు కూర్చుంటున్నారో చూడండి. అన్నిటికన్నా తేలికైన పరీక్ష ఇదే. 2022 జులై 15న రగోజిన్‌ను తీసేశారు. ఒకరి నౌకలో ఇంకొకరు వెళ్లే సీట్ల మార్పిడి ఒప్పందం బయటికొచ్చిందీ ఆ రోజే. సెప్టెంబర్‌లో అమెరికన్ ఫ్రాంక్ రూబియో సొయజ్‌లో, అక్టోబర్‌లో రష్యన్ ఆనా కికినా అమెరికా నౌక డ్రాగన్‌లో వెళ్లారు. ఇందులో డబ్బు మారదు. ఏదో ఒక నౌక మూలపడినా స్టేషన్‌లో అమెరికన్ ఒకరు, రష్యన్ ఒకరు ఉండాలన్నదే లెక్క. ఉక్రెయిన్‌లో యుద్ధం నడుస్తుండగానే ఇదంతా!

ఇక జాగ్రత్త. పాడైన ప్రతిదీ రాజకీయం కాదు. 2022 డిసెంబర్‌లో రూబియో వెళ్లిన సొయజ్‌లో కూలెంట్ (నౌకను చల్లబరిచే ద్రవం) లీకైంది, ఖాళీ సొయజ్ ఒకటి పైకి పంపాల్సి వచ్చింది, ఆయన 371 రోజులు ఉండిపోయాడు. ‘రష్యా బందీ’ అని హెడ్డింగ్ పెడదామన్న కుర్రాణ్ని ఆపడానికి నాకు పావుగంట పట్టింది. 2025 జూన్‌లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా స్టేషన్ ప్రయాణం పదేపదే వాయిదా పడ్డప్పుడు కూడా కుట్ర ఉందని ఫోన్లు వచ్చాయి. కారణాల్లో రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు ఒకటి, రష్యా వైపు గదిలో చాన్నాళ్లుగా ఉన్న గాలి లీకు ఒకటి. ఆయన జూన్ 25న బయల్దేరి జులై 15న తిరిగొచ్చాడు.

నిజంగా తెగినవి వేరే చోట ఉన్నాయి, తెంచుకోవడం తేలికైన చోట. రష్యాతో కలిసి పంపాల్సిన మార్స్ రోవర్‌ను యూరప్ ఆపేసింది. రష్యా రాకెట్లు ఎగిరే బైకనూర్‌లో (కజకిస్తాన్) సిద్ధంగా ఉన్న, వన్‌వెబ్ అనే కంపెనీవి 36 ఇంటర్నెట్ ఉపగ్రహాలు అక్కడే చిక్కుకున్నాయి. మిగిలినవాటి కోసం ఆ కంపెనీ వెతికిన దారుల్లో ఒకటి శ్రీహరికోటకు వచ్చింది. 2022 అక్టోబర్‌లో 36, 2023 మార్చిలో 36 ఇక్కడినుంచే ఎగిరాయి. అమ్మ మళ్లీ మిద్దెక్కింది.

ప్రతిసారీ మనకు లాభమే వస్తుందనుకోకండి. 1993లో అమెరికా ఒత్తిడికి రష్యా తలొగ్గి, మనకు క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనంతో నడిచే) రాకెట్ ఇంజన్ల టెక్నాలజీ ఇవ్వడం మానుకుని ఇంజన్లు మాత్రమే అమ్మింది. కొద్ది వారాలకే రష్యాను స్టేషన్‌లోకి తీసుకునే ఒప్పందం కుదిరింది. సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో మన జీఎస్ఎల్వీ రాకెట్ విజయవంతంగా ఎగిరేసరికి 2014 జనవరి వచ్చింది. వాళ్ల స్నేహానికి మనం కట్టిన బిల్లది. అందుకే మన మానవసహిత యాత్ర గగన్‌యాన్ కోసం మనవాళ్లు నలుగురు రష్యాలో శిక్షణ తీసుకున్నా, వాళ్లలో ఒకరు అమెరికా నౌకలో ఎగిరినా, ‘ఇండియా ఎటువైపు’ అనే హెడ్డింగ్‌కు నేను ఒప్పుకోను.

చైనా గురించి ఒక్క మాట: 2011 నుంచి ఉన్న అమెరికా చట్టాన్ని ‘నిషేధం’ అని రాసేస్తుంటారు. ప్రత్యేక అనుమతి లేకుండా నాసా తన డబ్బుతో చైనా ప్రభుత్వంతో నేరుగా పనిచేయకూడదన్నది అందులోని విషయం. పొడుగైనా అలాగే రాయండి.

2028 దగ్గర పడేకొద్దీ ఇదే కాపీ మళ్లీ వస్తుంది, బహుశా మళ్లీ పేజీలు వెళ్లే టైముకే. సింగిల్ కాలమ్‌లో పట్టకపోతే ‘గుడ్‌బై’ తీసేయండి. ‘తర్వాత’ ఉంచండి.